ఖాళీ చేసే పనితనం

సెప్టెంబర్‌లో న్యూజెర్సీలోని ఎడిసన్, సోమర్‌సెట్ ప్రాంతాల్లో వీధుల వెంట నడుస్తుంటే కొన్ని ఇళ్ల ముందు పచ్చిక నిండా చిటికెన వేలంత మట్టి కణికలు పడి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు లాన్ పాడైందనుకుంటారు. ఆ ఏడాది మొత్తంలో ఆ గడ్డికి జరిగిన మేలైన పని అదే. దాన్ని అక్కడ కోర్ ఏరేషన్ అంటారు. నేలకు ఏమీ కలపకుండా, నేలలోంచి కొంత తీసేసి బాగుచేసే పని. నన్ను కట్టిపడేసింది ఆ తీసేయడంలోని నేర్పే.

మంచి నేలలో ఇంచుమించు సగం ఖాళీయే. అందులో కొంత నీరు, కొంత గాలి. వేళ్లకూ ఆక్సిజన్ కావాలి. అది గాలిలో కదిలినంత వేగంగా నీటిలో కదలదు, సుమారు పదివేల రెట్లు నెమ్మది. అందుకే కన్నాలు మూసుకుపోయిన నేలలో నీళ్లు నిలిస్తే వేళ్లకు ఊపిరాడదు. ఈ ప్రాంతంలో చాలాచోట్ల ఎర్రటి షేల్ రాయి అరిగి ఏర్పడిన బంకమట్టి ఉంది; తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లకు ఆ రంగు కొత్తగా అనిపించదు. ఇల్లు కట్టేటప్పుడు బుల్డోజర్లు దాన్ని తొక్కేస్తాయి. పైన పలచగా మంచి మట్టి పరిచి గడ్డి వేస్తారు. ఆ తర్వాత పిల్లల ఆటలు, గడ్డి కోసే యంత్రాల బరువు కలిసి పై రెండు మూడు అంగుళాలను ఏటికేడు గట్టిపరుస్తాయి. నీళ్లు పెడితే ఇంకవు, ఫుట్‌పాత్ మీదికి జారిపోతాయి.

పరిష్కారం మేకులు గుచ్చడం అనిపిస్తుంది. మేకులున్న చెప్పులు అమ్ముతారు కూడా. కానీ మేకు దిగితే మట్టి ఎక్కడికి పోవాలి? పక్కలకే నొక్కుకుంటుంది, కన్నం గోడలు మరింత బిగుస్తాయి. కోర్ ఏరేషన్ యంత్రంలోని బోలు గొట్టం అలా చేయదు. ధాన్యం వ్యాపారి బస్తాలోకి గుచ్చి గుప్పెడు గింజలు లాగే ఇనుప గొట్టంలా, అది లోపలున్నదాన్ని బయటికి తెస్తుంది. కింది నుంచి వచ్చే కొత్త కణిక, అంతకుముందు గొట్టంలో చిక్కినదాన్ని పైకి నెట్టి బయట పడేస్తుంది. ఇంత సరళమైన పనిముట్టును చూస్తే ముచ్చటేస్తుంది. 1946లో పెన్సిల్వేనియాకు చెందిన టామ్ మస్కారో ఏరిఫయర్ అనే యంత్రంతో ఈ పనిని గోల్ఫ్ మైదానాలకు అందించాడు. ఇళ్ల పచ్చికలు ఆ దారినే నడిచాయి.

యంత్రం ఎంత మంచిదైనా నడిపే చేతిలోనే ఉంది అసలు సంగతి. పని తెలిసినవాడు ముందురోజే నీళ్లు పెట్టిస్తాడు. ఎండిన బంకమట్టిలో గొట్టం అంగుళం కూడా దిగదు. మరీ బురదైతే మట్టి గొట్టంలోనే అతుక్కుంటుంది. పొద్దున రాగానే స్క్రూడ్రైవర్ గుచ్చి చూస్తాడు. స్ప్రింక్లర్ తలల దగ్గర చిన్న జెండాలు పాతుతాడు. మలుపు దగ్గర గొట్టాలు పైకెత్తి, యంత్రం తిప్పి, మళ్లీ దించుతాడు. దించే ఉంచి తిప్పితే గడ్డి చీలికలై లేచిపోతుంది. ఎవరూ గమనించని ఈ ఎత్తడం దించడంలోనే పనివాడి స్థాయి తెలుస్తుంది.

మూడంగుళాల ఎడంతో ఒక్కసారి నడిపితే చదరపు అడుగుకు 16 కన్నాలు పడతాయి. ముప్పావు అంగుళం గొట్టమైనా అవన్నీ కలిపి నేల పైభాగంలో 5 శాతం కూడా కాదు. చదరపు అడుగుకు 20 నుంచి 40 కన్నాలు ఉండాలని నిపుణులు చెబుతారు. అందుకే శ్రద్ధగల పనివాడు అడ్డంగా ఇంకోసారి నడుపుతాడు. తొందరపడేవాడు ఒక్కసారితో డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు.

బయటపడ్డ కణికను చేతిలోకి తీసుకుని చూడాలి. పైన పచ్చటి గడ్డి మొదళ్లు. దాని కింద గోధుమరంగులో మెత్తగా, చివికిన కాడలూ వేళ్లూ పెనవేసుకున్న పొర. దాన్ని థాచ్ అంటారు. అది అరంగుళం దాటితే నీరూ ఎరువూ కిందికి సరిగా చేరవు. ఆ కింద తెల్లటి వేళ్లు. అవి కణిక అడుగుదాకా ఉంటే సంతోషం. అంగుళం దగ్గరే ఆగిపోతే ఆ నేల ఎంత బిగుసుకుందో వేరే పరీక్ష అక్కర్లేదు. కణిక రెండంగుళాలకంటే పొట్టిగా ఉంటే గొట్టాల మొనలు అరిగాయన్నమాట, లేదా నేల ఎండిందన్నమాట. మంచి పనివాడు నడుస్తూనే వీటిని చూస్తుంటాడు.

ఆ కణికలను ఊడ్చేయకూడదు. వానకూ గడ్డి కోసే యంత్రం చక్రాలకూ కొన్ని వారాల్లో అవే చితికి కలిసిపోతాయి. వాటిలోని సూక్ష్మజీవులు థాచ్ మీద పడి దాన్ని కుళ్లబెట్టడానికి సాయపడతాయి. కన్నాలు వేసిన వెంటనే గడ్డి గింజలు చల్లుతారు. కన్నాల్లో పడ్డ గింజకు తడి ఆరదు, పక్షుల బెడదా తక్కువే. ఇలాంటి గింజల వెనకా ఓ కథ ఉంటుంది. రట్గర్స్ విశ్వవిద్యాలయంలో రీడ్ ఫంక్ 1967లో విడుదల చేసిన మాన్‌హట్టన్ రైగ్రాస్ న్యూయార్క్ సెంట్రల్ పార్కులో సేకరించిన మొక్కల నుంచి వచ్చింది. జనం కాళ్ల కింద నలుగుతూ బతికిన గడ్డినుంచి లాన్ రకం తీయడం గొప్ప ఆలోచన.

హైదరాబాద్ ఇళ్లలో లెక్క మారుతుంది. మన గరిక వేడిలో పెరిగేది. అది జోరుగా సాగే కాలంలోనే ఈ పని చేయాలి, చలికాలంలో కాదు. చిన్న పచ్చికకు యంత్రమూ అక్కర్లేదు, బోలు గొట్టాలున్న చేతి ఫోర్కు, కాలి బరువు చాలు. నల్లరేగడి నేల ఎండాకాలంలో తనంతట తానే నెర్రెలు విచ్చి గాలికి దారి ఇచ్చుకుంటుంది. రోజూ నీళ్లు పట్టే పచ్చిక కింద మాత్రం దానికి ఆ అవకాశం ఉండదు. ఇక గింజల ఖర్చు మనకు లేదు. న్యూజెర్సీలో విరివిగా వేసే టాల్ ఫెస్క్యూ గడ్డి గుబురుగా, ఉన్నచోటనే పెరుగుతుంది కాబట్టి ఖాళీ నిండాలంటే విత్తనం వేయాల్సిందే. గరిక కణుపు కణుపుకూ వేరు దించుకుంటూ పాకి, ఆ కన్నాలను తానే కప్పేస్తుంది.