గచ్చు నుంచి గ్రౌటు దాకా

పాత ఇంటిని బాగు చేయించుకునే కుటుంబం నేలకు, గోడకు, వంటగట్టుకు ఏం వేయించాలో నిర్ణయించుకునేటప్పుడు రంగు, ధర, మెరుపు గురించి అడిగినంత వివరంగా దాని మీద రేపటి నుంచి పడబోయే మురికి గురించి అడగదు. ఆ అడగకపోవడాన్ని ఆసరా చేసుకున్న ప్రకటనలు దినపత్రికల మడతల్లోంచి రాలిపడుతూనే ఉంటాయి. ఈ వారం అలా రాలిపడిన ఒక కరపత్రం కొత్త వంటింటికి తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలునని హామీ ఇచ్చింది. ఆ హామీలో తిరగమోత లేదు, పసుపు లేదు, బోరు నీళ్లు లేవు, అన్నిటికీ మించి ఆ గుడ్డ పట్టుకునే మనిషి లేదు. ఇంతటి లోపాలున్న వాక్యాన్ని రంగుల్లో అచ్చువేసి ఇంటింటికీ పంచిపెట్టడం ఈ శీర్షికకు చిరాకు తెప్పించింది.

శుభ్రం చేయడంలోని సులువు ఏ పూతకూ స్వతహాగా ఉండే గుణం కాదు. ఆ పూతకూ, దాని మీద పడే మురికికీ, ఆ మురికిని వదిలించే ద్రవానికీ ఉన్న పొందికను బట్టి అది ఏర్పడుతుంది. తెలుగు వంటింట్లో మొదట చెప్పుకోవలసిన మురికి జిడ్డు. పోపు వేసినప్పుడు పైకి లేచే నూనె తుంపరలు అరల తలుపుల మీద, చిమ్నీ అంచుల మీద వాలి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా బిగుసుకుని బంకపొరగా మారతాయి కనుక, వాలిన రోజున గోరువెచ్చని సబ్బునీటికి లొంగే జిడ్డు కొన్ని నెలల తరువాత గీకితే తప్ప ఊడదు. తరువాతిది నీటి మరక. బోరు నీటిలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాల మొత్తాన్ని కాఠిన్యం అంటారు. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యాన్ని ఆమోదించి, వేరే నీటి వసతి లేనిచోట 600 వరకు అనుమతిస్తుంది. కుళాయి మీద నిలిచిన బొట్టు ఆరిపోయినప్పుడు నీరు వెళ్లి లవణం మిగులుతుంది, మిగిలిన లవణం మీద మరో బొట్టు ఆరుతుంది, అలా షవర్ అద్దం మీద తెల్లని పొర పేరుకుంటుంది. ఇక పసుపు సంగతి వేరు. అందులోని కర్క్యుమిన్ అనే రంగుపదార్థం క్షారం తగలగానే ఎర్రబడుతుంది. పసుపునీళ్లలో సున్నం కలిపి దిష్టి తీసే ఎర్రనీళ్లు చేసే ఇళ్లలో ఈ రసాయన చర్య ఎవరికీ కొత్త కాదు, అయినా తెల్లని గట్టు మీది పసుపు మరకను సోడాపొడితో రుద్ది, అది ఎర్రబడగానే రాయి పాడైందని బెంబేలెత్తేవారు ఆ ఇళ్లలోనే ఉంటారు. కర్క్యుమిన్ ఎండకు తట్టుకోలేదు కాబట్టి, కిటికీలోంచి ఎండ పడే గట్టయితే కడిగిన తరువాత మిగిలిన ఛాయ కొద్ది రోజుల్లో దానంతటదే పలచబడుతుంది.

ఈ మురికుల్లో ఒకదానికి విరుగుడైనది మరోచోట హాని చేస్తుందన్నదే అసలు చిక్కు. నీటి మరకను కరిగించడానికి నిమ్మరసం, వెనిగర్ వంటి ఆమ్లాలు కావాలి. ఆ ఆమ్లమే సున్నపురాతి జాతికి చెందిన బండ మీద పడితే, మరకతో పాటు బండనూ కరిగిస్తుంది. చింతపండు పులుసు ఒలికిన కడప బండ మీద కనిపించే తెల్లని చార నిజానికి మరక కాదు, రాయి పైపొర తినుకుపోయిన గుర్తు. దాన్ని ఎంత రుద్దినా పోదు, పాలిష్ పట్టవలసిందే.

ఈ శీర్షికను క్రమం తప్పక చదివేవారికి నాపరాళ్ల పట్ల దీనికున్న పక్షపాతం తెలిసినదే. మెరుపు టైళ్లను తప్పుపట్టిన ప్రతిసారీ తాండూరు ప్రస్తావన వచ్చి తీరుతుందని కొందరు ఎత్తిపొడిచారు కూడా. ఆ ప్రస్తావన ఈసారీ తప్పదు. తాండూరు నీలం, పసుపు బండలు, బేతంచెర్ల రాళ్లు, కడప నల్లబండ అన్నీ ప్రధానంగా కాల్షియం కార్బొనేట్‌తో ఏర్పడిన సున్నపురాళ్లే. ఖనిజాల గట్టిదనాన్ని పోల్చే మోస్ కొలమానంలో కాల్షియం కార్బొనేట్ ఖనిజమైన కాల్సైట్ స్థానం 3. చెప్పుల వెంట గడప దాటి వచ్చే ఇసుకలోని క్వార్ట్జ్ స్థానం 7. కాబట్టి నాపరాయి మీద ఇసుక గీతలు పడడం ఖాయమే. అయితే ఆ బండ పైనుంచి అడుగు దాకా ఒకే పదార్థం కావడం వల్ల, గీతలు పడి మాసిన నేలకు పదేళ్ల తరువాత మెషిన్ పాలిష్ పట్టిస్తే కింది నుంచి కొత్త రాయి బయటపడుతుంది. గ్లేజ్డ్ విట్రిఫైడ్ టైలు అలా కాదు. దాని మీది పాలరాతి గీతలు సన్నని అచ్చు మాత్రమే, ఆ అచ్చును కాపాడేది గాజు వంటి పలుచని పూత, ఆ పూత అరిగిన చోట కింద చూపించడానికి మరేమీ ఉండదు.

ఈ తేడా వెనక రెండు భిన్నమైన శుభ్రతా పద్ధతులున్నాయి. పాత తెలుగు ఇల్లు మురికిని తొలగించడం కన్నా దాన్ని కప్పి ఉపరితలాన్ని తిరిగి కొత్తది చేయడం మీద ఎక్కువగా ఆధారపడింది. మట్టినేలను పేడతో అలికినప్పుడు నిన్నటి దుమ్ము ఎక్కడికీ పోదు, ఈనాటి పూత కింద అణగిపోతుంది. అలికిన నేల మీద ముగ్గు పడగానే ఆ పూతకు ఆనాటి తేదీ వేసినట్టవుతుంది. గోడకు సున్నం వేయడంలోనూ ఇదే సూత్రం. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో వేస్తే అది కుతకుత ఉడికి, చిట్లి, మెత్తని సున్నమవుతుంది. దాన్ని నానబెట్టి, వడకట్టి, పట్టు నిలవడానికి గంజో జిగురో కలిపి, తెల్లదనం కోసం చిటికెడు నీలిమందు వేసి, ఈతకుంచెతో గోడకు కొడితే, ఆ పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ కాల్షియం కార్బొనేట్‌గా, అంటే తిరిగి రాయిగా మారుతుంది. పచ్చి సున్నానికి ఉన్న తీవ్రమైన క్షారగుణం బూజును కొంతకాలం దగ్గరకు రానివ్వదు. సంక్రాంతికో పెళ్లికో ఇంటికి వెల్ల వేయడమంటే ఏడాది పొడుగునా పట్టిన పొగ, చేతి మరకలు, నూనెదీపాల మసి అన్నిటినీ ఒక్క రోజులో రాతిపొర కింద కప్పేయడం. పాతకాలపు గోడను గీకితే పొరలు పొరలుగా ఊడే సున్నం ఆ ఇంట్లో ఎన్ని పండుగలు జరిగాయో చెప్పగలిగేది. డంగు సున్నంతో వేసి, గులకరాయితో రుద్ది నునుపు చేసిన గచ్చు ఇంకా మెట్టు పైది. ఆ గచ్చు అతుకు లేని నేల, అందువల్ల మురికి దాక్కునే సందు లేని నేల. దాని తరువాత వచ్చిన ఎర్రని రెడ్ ఆక్సైడ్ నేలలు ఏళ్ల తరబడి పాదాల రాపిడికి మరింత నిగారింపు తెచ్చుకున్నాయి. ఈ పూతలకు వయసు పెరగడం లోపం కాలేదు. ఇప్పటి అక్రిలిక్ తలుపుకు మాత్రం కొన్న రోజే ఉత్తమమైన రోజు. అక్కడి నుంచి దాని ప్రయాణమంతా కిందికే.

ఈ తర్కాన్ని ఇలాగే సాగనిస్తే, తిరిగి కొత్తది చేసుకోగల పూతే మేలైనదనీ, బాగు చేయించుకునే ప్రతి ఇల్లూ నాపరాళ్లకూ సున్నానికీ మళ్లాలనీ తేలుతుంది. అయితే ఈ లెక్కలో ఒక పద్దు ఇంతవరకు ఎక్కలేదు. తెల్లవారకముందే పేడ తెచ్చి, కలిపి, నడుము వంచి గదిగదికీ వెనక్కి జరుగుతూ అలికింది ఆ ఇంటి ఆడవాళ్లు. సున్నం నాడు సామానంతా వాకిట్లో వేసి, కళ్లు మండుతున్నా నేల మీద పడిన చుక్కలను గీకి కడిగిందీ వాళ్లే. అతుకు లేని గచ్చు అందాన్ని తలుచుకునేవారిలో దాని మీద మోకాళ్లు ఆనించి తుడిచినవారు తక్కువ. ఈనాడు ఆ పనిని ఎక్కువగా పూటకు నాలుగైదు ఇళ్లు తిరిగే మహిళలు చేస్తున్నారు. నిలబడి మాప్‌తో లాగితే పోయే మురికికీ, కూర్చుని పీచుతో రుద్దితే తప్ప పోని మురికికీ ఉన్న తేడా వాళ్ల భుజాలకు, మణికట్లకు తెలిసినంతగా షోరూముల్లో తెలియదు. ఆ పద్దు కలిపి చూస్తే వంటింటికీ స్నానాల గదికీ విట్రిఫైడ్ టైలే సరైనది. 0.5 శాతానికి మించి నీరు పీల్చని ఆ బిళ్లకు పులుపు, సబ్బు, క్షారం అన్నీ ఒకటే. ఆ టైలు ఎప్పటికీ నాపరాయిని అందుకోలేదు, అయినా నాపరాయి వసారాకు, మెట్లకు, పెరటి గట్టుకు జరగడం న్యాయం.

ఆ టైలు ఎంత మంచిదైనా సందులను నిర్లక్ష్యం చేస్తే ఫలితం ఉండదు. టైళ్ల మధ్య నింపే ముద్దను గ్రౌటు అంటారు; సిమెంటు గ్రౌటు గట్టిపడ్డాక కూడా సూక్ష్మరంధ్రాలతో ఉంటుంది కాబట్టి జిడ్డును, పసుపును, స్నానాల గదిలోని బూజును తనలోకి తీసుకుంటుంది. రెండు భాగాలను కలిపి వాడే ఎపాక్సీ గ్రౌటు రెసిన్‌తో బిగుస్తుంది గనుక నీటిని దాదాపు పీల్చదు. ధర ఎక్కువే, పైగా బిగుసుకునే లోపే టైళ్ల మీద మిగిలినదాన్ని పూర్తిగా తుడిచేయగల ఓపిక మేస్త్రీకి ఉండాలి. ఖర్చు తగ్గించుకోవలసి వస్తే టైలు ధరలో తగ్గించుకుని వంటింట్లో, స్నానాల గదిలో ఎపాక్సీని నిలుపుకోవాలన్నది ఈ శీర్షిక అభిప్రాయం. స్పేసర్లు లేకుండా టైళ్లను అంచుకు అంచు ఆనించి తెల్లసిమెంటు పాముకుపోయే అలవాటున్న మేస్త్రీ సందు లేకపోతే మురికి ఎక్కడ చేరుతుందని వాదిస్తాడు. కాని టైళ్ల కొలతల్లో వెంట్రుకవాసి తేడాలు ఎలాగూ ఉంటాయి కాబట్టి సందు లేకుండా పోదు, నింపడానికి వీలు లేనంత సన్నగా మాత్రం మిగులుతుంది.

బాగుచేత పూర్తయిన రోజున జరిగే యాసిడ్ కడుగు గురించి ఇదివరకు ఎన్నిసార్లు రాసినా మళ్లీ రాయక తప్పడం లేదు. పని ముగిశాక టైళ్ల మీద మిగిలే సిమెంటు తెలుపును వదిలించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పోసి చీపురుతో రుద్దడం మేస్త్రీలలో స్థిరపడిన ఆచారం. ఆ ఆమ్లం తెలుపుతో పాటు అప్పుడే గట్టిపడుతున్న సిమెంటు గ్రౌటును కూడా తిని గరుకు చేస్తుంది; దాని ఆవిర్లు కుళాయిల క్రోమ్ పూతను, కొత్త అరల బందులను, స్టీలు సింకును పట్టుకుంటాయి. ఇల్లు అప్పగించిన రోజునే అందులో అత్యంత శుభ్రంగా ఉండవలసిన సందులు మురికికి నోరు తెరుచుకుని ఉంటాయన్న మాట. తడి ఆరకముందే స్పాంజితో తుడిపించడం, మిగిలిన పొరకు సల్ఫామిక్ ఆమ్లం ఉన్న తేలికపాటి ద్రవాన్ని ముందుగా సందులను నీళ్లతో తడిపి వాడడం దీనికి మార్గాలు. స్నానాల గదిలో ఆమ్లంతో బ్లీచింగ్ పౌడర్‌ను గానీ, బ్లీచ్ ద్రవాన్ని గానీ కలిపితే క్లోరిన్ విషవాయువు పుడుతుందన్న సంగతిని ఆ రెండు సీసాలనూ ఒకే అరలో పెట్టే ఇళ్లన్నీ గుర్తుంచుకోవాలి. దిష్టి పోతుందని మాప్ నీళ్లలో రోజూ కల్లుప్పు వేసే అలవాటు కూడా నాపరాళ్లకు, ఇనుప కాళ్ల బల్లలకు మేలు చేయదు.

గోడల విషయం క్లుప్తంగానే ముగుస్తుంది. రంగులో వర్ణకపు పొడి, దాన్ని పట్టి ఉంచే బైండర్ అన్నవి రెండు ముఖ్య భాగాలు. మాట్ రంగుల్లో పొడి వాటా ఎక్కువై పైపొర గరుకుగా ఉండడం వల్ల లప్పం లోపాలు కనిపించవు గానీ, మరకను రుద్దిన చోట ఆ గరుకు నునుపై మెరుపుమచ్చ తేలుతుంది. బైండర్ ఎక్కువగా ఉండే శాటిన్ రంగు స్విచ్‌బోర్డుల చుట్టూ, పిల్లల చేతులు అందే ఎత్తులో మంచిది. పడకగది పైభాగాన మాట్ ఉన్నా నష్టం లేదు.

వంటగట్టుకు గ్రానైటును మించినది ఇప్పటికీ రాలేదు. చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ వంటి నల్లరాయి పులుసుకూ వేడిగిన్నెకూ చలించదు. దాని లోపం నీటి మరకను చాటి చెప్పి జిడ్డును దాచిపెట్టడం, కనుక ఆ గట్టు శుభ్రతను కంటితో కాక అరచేతితో చూసుకోవాలి. తెల్లగా మెరిసే కృత్రిమ క్వార్ట్జ్ గట్టు మాత్రం క్వార్ట్జ్ పొడిని రెసిన్‌తో అతికించి చేసినది కాబట్టి పొయ్యి మీది గిన్నెను నేరుగా దాని మీద దించకూడదు. దీనికన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది: దాన్ని పొడిగా కోసినప్పుడు లేచే సన్నని సిలికా ధూళి కోసేవారి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్‌కు దారితీస్తుంది. ఆస్ట్రేలియా ఈ కారణంతోనే 2024 జూలై 1 నుంచి అటువంటి రాయి తయారీని, వాడకాన్ని నిషేధించింది. గ్రానైటు ధూళిలోనూ సిలికా ఉంటుంది, కాకపోతే దాని వాటా తక్కువ. ఏ రాయినైనా నీళ్లు పోస్తూ కోయించడం, మాస్కు లేకుండా ఇంటి ముందు కోత పెట్టనివ్వకపోవడం ఇల్లు కట్టించుకునేవారి చేతిలోని పనే.

ఎంపికకు ముందు చేయవలసిన పరీక్ష ఏ కరపత్రంలోనూ ఉండదు. షాపు నుంచి టైలు ముక్కనో రాతి ముక్కనో తెచ్చి, పసుపు కలిపిన నూనె ఒక మూల, చింతపండు గుజ్జు ఒక మూల రాసి రాత్రంతా వదిలి, తెల్లవారి ఇంటి బోరు నీళ్లతోనే, ఇంట్లో వాడే సబ్బుతోనే, రోజూ ఆ పని చేసేవారి చేత కడిగించాలి. ఆ ఇంట్లో పనిచేసే మహిళ వద్దన్న బిళ్లను ఇంటీరియర్ డిజైనరు ఎంత మెచ్చినా పక్కన పెట్టాలి. ఎంచుకున్న టైళ్లలో ఒక పెట్టె అదనంగా కొని, పెట్టె మీది బ్యాచ్ సంఖ్య, షేడ్ సంఖ్య రెండూ చిరిగిపోకుండా అటక మీద దాచడం కూడా అవసరమే, ఎందుకంటే అదే పేరుతో రెండేళ్ల తరువాత వచ్చే టైలు అదే రంగులో రాదు.