గోల్డెన్ ట్రెజరీలో దొరకని చొక్కా

ఇటీవల ఒక పాత పాఠశాల గ్రంథాలయంలో బీరువా సర్దుతుంటే, అట్ట ఊడి, అంచులు చెదలు తిన్న ఇంగ్లీషు కవితా సంకలనమొకటి చేతికి వచ్చింది. పాల్‌గ్రేవ్ కూర్చిన ‘గోల్డెన్ ట్రెజరీ’. తూకానికి వేయదలచిన పుస్తకాల దొంతరలో ఉంది. “తెల్లవాళ్ల పువ్వులూ పిట్టలూ మనకెందుకు సార్?” అన్నాడొక యువ ఉపాధ్యాయుడు. “అది మేలిమి బంగారమయ్యా, పారేయకు” అన్నారొక పెద్దాయన. పుస్తకం తెరవకుండానే చెప్పిన తీర్పులు రెండూ. అభ్యుదయ విమర్శకు రెండూ పనికిరావు.

ఈ సంకలనం 1861లో వెలువడింది. సంకలనకర్త ఇంగ్లండు విద్యాశాఖ ఉద్యోగి. కవి టెన్నిసన్ మిత్రుడు, ఎంపికలో ఆయన సలహా తీసుకున్నాడు. అప్పటికి జీవించి ఉన్న కవులను చేర్చలేదు. పుస్తకంలో మిగతా కవులందరికన్నా ఎక్కువ కవితలు వర్డ్స్‌వర్త్‌వి. మొదటి ముద్రణలో బ్లేక్ లేడు. తరతరాల విద్యార్థులకు ఇంగ్లీషు కవిత్వమంటే ఈ పుస్తకమే అయింది. ఏరినవాడి అభిరుచి ఒక జాతి కవిత్వ స్వరూపంగా చెలామణి అయిందన్నమాట.

ఏరడమంటే తీర్పు చెప్పడమే. షెల్లీనే చూడండి. పడమటి గాలి మీద గీతం ఇందులో ఉంది. 1819లో మాంచెస్టరు ప్రజలపై జరిగిన పీటర్లూ దమనకాండకు స్పందించి ఆయన రాసిన ‘మాస్క్ ఆఫ్ అనార్కీ’ లేదు. ఇంగ్లండు శ్రామికులను నిలదీసి మేల్కొలిపిన గీతమూ లేదు. థామస్ హుడ్ సంగతి మరీ స్పష్టం. నదిలో దూకి చనిపోయిన పేద స్త్రీ మీద ఆయన రాసిన ‘బ్రిడ్జ్ ఆఫ్ సైస్’కు చోటు దొరికింది. కూలికి చొక్కాలు కుడుతూ చీకిపోయే స్త్రీ గొంతు వినిపించే 1843 నాటి ‘సాంగ్ ఆఫ్ ది షర్ట్’కు దొరకలేదు. కవి ఒక్కడే, దుఃఖమూ ఒక్కటే. చచ్చిపోయిన పేదరాలి మీద జాలిపడవచ్చు. బతికుండి తన శ్రమ లెక్క అడిగే పేదరాలు మాత్రం బంగారు పెట్టెలో ఇమడదు. సంకలనకర్త ఉద్దేశం ఏదైనా, పాఠకుడికి అందిన ఫలితం ఇది.

మన భావకవులు షెల్లీని, వర్డ్స్‌వర్త్‌ను ఎంత ఇష్టంగా చదివారో తెలిసిందే. మనకు అందిన షెల్లీ ఏ షెల్లీ అన్నది అడగవలసిన ప్రశ్న. భావకవిత్వపు ఏకాంతానికి ఈ పుస్తకమే కారణమనడం యాంత్రిక విమర్శ అవుతుంది. కారణాలు మన సమాజంలోనే ఉన్నాయి. పైగా ఆ పడమటి గాలిలోనూ విప్లవం వీస్తూనే ఉంది. సంకలనకర్త తలుపు మూసినా కవిత కిటికీ తెరుస్తుంది.

అయితే ఈ కొలబద్దను మనకూ వర్తింపజేయాలి. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. మరుసటి ఏడాది ముద్దుకృష్ణ ‘వైతాళికులు’ నవ్యకవిత్వాన్ని ఒకచోట చేర్చింది. రెండూ చారిత్రక అవసరాలు తీర్చినవే. కాని గోలకొండ సంచిక ప్రధానంగా పద్యకవులది. ఏటూరునాగారానికి దగ్గరలోనే మేడారం ఉంది. సమ్మక్క సారలమ్మల కథను డోలీలు పడిగె ముందు నిలబడి పాడుతారు. లక్షల మందిని కదిలించే ఆ గానాన్ని కవిత్వమనడానికి మన సంకలనాలు ఎంతకాలం జంకాయి? పాల్‌గ్రేవ్‌ను తప్పుపట్టడం సులభం. మన బీరువా తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయో చూసుకోవడమే కష్టం.

ఆ పుస్తకం తూకానికి పోలేదు. దానిని పూజకూ పెట్టలేదు. పై తరగతి పిల్లల చేత హుడ్ చొక్కా పాటను తెల్లకాగితం మీద రాయించి, ‘బ్రిడ్జ్ ఆఫ్ సైస్’ పుటల మధ్య ఉంచాము. ఇకమీదట ఆ పుస్తకం తెరిచిన వారికి రెండూ కనబడతాయి.