యాత్రాస్మృతులలో ఇష్టములు, ఇక్కట్లు

యాత్రాగ్రంథములను విమర్శించువారు సాధారణముగ రెండు ప్రశ్నలు వేయుచుందురు. యాత్రికుడు చూచినదేమి? చూచినదానిని ఉన్నదున్నట్లు చెప్పెనా? ఇందు మొదటి ప్రశ్న భూగోళమునకు, రెండవది చరిత్రకు సంబంధించినది. మూడవ ప్రశ్న యొకటి కలదు. యాత్రికునకు జరిగినదేమి? అతడు ఏ యూరిని మెచ్చెను, ఏ నూతినీటిని మఱవలేకపోయెను, ఎచట దారి తప్పెను, ఎవరిచేత దోచబడెను, ఎచట కంటనీరు పెట్టెను? ఈ ప్రశ్నను మనవారు చిల్లర విషయముగ నెంచి విడిచిపెట్టుట పరిపాటి. సంగ్రహములు కూర్చువారు మొట్టమొదట తొలగించునది ఈ భాగమునే. యాత్రాచరిత్రకు సాహిత్యత్వము నిచ్చునదియు, పెక్కుచోట్ల దాని ప్రామాణ్యమును నిలుపునదియు ఈ చిల్లర భాగమే యని మా తలంపు. దానిని కొన్ని ప్రసిద్ధ గ్రంథముల సాక్ష్యముతో ఇచట పరిశీలింతుము.

ముందుగా మాటల యర్థమును నిర్ణయించుకొనుట మంచిది. ఇష్టమనగా యాత్రికుడు తన మనస్సునే కొలబద్దగ జేసికొని చెప్పిన మెప్పు. లోకమెల్ల మెచ్చినదానిని తానును మెచ్చుట ఇష్టము కాదు, అనువాదము. ఇక్కట్టనగా యాత్రికుని యుద్దేశమునకు అడ్డుపడిన సంఘటన. వ్యాధి, చోరభయము, తుపాను, బాట తప్పుట, తోడివారిని గోల్పోవుట మొదలగునవి ఇందు చేరును. ఈ రెండును యాత్రికుని దేహముతోను మనస్సుతోను ముడిపడినవి గాన ఇతరుల గ్రంథములనుండి ఎరువు తెచ్చుకొనుటకు వీలుపడనివి.

ఎరువు మాట ఊరక చెప్పినది కాదు. మొరాకో దేశమందలి టాంజియరు నగరమున 1304లో జన్మించిన ఇబన్ బతూతా 1325లో మక్కాయాత్రకై ఇల్లు వెడలి, ఇంచుమించు ముప్పదియేండ్లు దేశములు తిరిగెను. తుదకు ఫెజ్ నగరమున సుల్తాను అబూ ఇనాను ఆజ్ఞచే తన వృత్తాంతమును చెప్పుచుండగా, ఇబన్ జుజయ్యను పండితుడు దానిని 1355లో గ్రంథరూపమున గూర్చెను. ఆ గ్రంథమున డమాస్కసు, మక్కా మొదలగు సుప్రసిద్ధ నగరముల వర్ణనలలో పెక్కుభాగములు 12వ శతాబ్దపు యాత్రికుడగు ఇబన్ జుబైరు రచననుండి గ్రహింపబడినవని పండితులు రెండు గ్రంథములను పోల్చి నిరూపించిరి. ఎంతో ఘనముగ కన్పట్టు భాగములే పరకీయములని తేలినవి.

ఇట్లు తేలిన పిదప ఆ గ్రంథమున మిగులునదేమి? ప్రయాణారంభమున జ్వరపడి, క్రిందపడుదునేమో యను భయమున తలపాగ గుడ్డతో తన్ను జీనుకు కట్టుకొనిన యువకుడు మిగులును. ట్యూనిసు చేరినప్పుడు నగరవాసులు ఎదురేగి తక్కినవారినెల్ల కుశలమడుగుచుండ, తన్నెఱిగినవాడొక్కడును లేనందున దుఃఖమాపుకొనలేక యేడ్చిన యిరువదియొక్కయేండ్లవాడు మిగులును. తోడియాత్రికుడొకడు అది గమనించి దగ్గరకు వచ్చి ఓదార్చెనట. ఈ యేడ్పును ఇబన్ జుబైరు పుస్తకమునుండి తెచ్చుకొనవలసిన పని లేదు. ముదిమికి దగ్గరపడుచున్న ఖాజీ తన యౌవనపు కన్నీటిని రాజాస్థానమున చెప్పుకొనుటవలన గౌరవమేమియు హెచ్చదు. హెచ్చదు గనుకనే మనకు నమ్మిక కలుగుచున్నది.

ఢిల్లీ సుల్తాను మహమ్మదు బిన్ తుగ్లకు ఇతనిని చీనాచక్రవర్తి కడకు రాయబారిగ పంపెను. ఆ ప్రయాణమున నేటి ఆలీగఢ్ ప్రాంతమున దొంగలచేత జిక్కి, తప్పించుకొని, కొన్ని దినములు ఒంటరిగ తిరిగి, సొమ్మసిల్లినపుడు దారినబోవు నొకడు వీపునమోసికొనిపోగా బ్రదికెను. కళ్ళికోటలో శుక్రవారపు ప్రార్థనకై ఒడ్డున నిలిచిపోగా, తుపాను లేచి కానుకలనెక్కించిన పెద్దయోడ పగిలిపోయెను. అతని సొత్తును పరిజనమునుగల రెండవయోడ తెఱచాప లెత్తి సాగిపోయెను. చక్రవర్తికి కానుకలు గొనిపోవుచుండిన రాయబారికి చేత మిగిలినవి పది దీనారములును, పఱచుకొను తివాచియును. అలెగ్జాండ్రియాతోను చీనా రేవగు జైతూనుతోను సమానముగ కళ్ళికోటను లోకపు మహారేవులలో నొకటిగ లెక్కించినవాడు ఇతడే. సర్వమును గోల్పోయిన రేవునే గొప్పరేవని చెప్పుటలో ఇష్టము ఇక్కట్టు చేత చెడిపోలేదు. యాత్రికుని న్యాయబుద్ధికి ఇంతకంటె మంచి పరీక్ష లేదు.

ఇచట ఒక యాక్షేపము రావచ్చును. ఇక్కట్లను మాత్రము కల్పించి చెప్పరాదా? ఆపదను పెంచి చెప్పుట యాత్రికుల స్వభావము గదా? పైగా ఇబన్ బతూతా బుఖారాలో వ్రాసికొనిన సమాధిశాసనముల ప్రతులు సముద్రముపై దోపిడిలో పోయినవని తానే చెప్పెను. అట్టివాని జ్ఞాపకము నెట్లు నమ్ముట? ఆక్షేపము సమంజసమే. కాన ఇక్కట్లన్నియు సమానబలము గలవి కావని యొప్పుకొనవలసియున్నది. వక్తను వీరునిగ జూపు నాపదను జాగ్రత్తతో గ్రహింపవలెను. వక్తను చిన్నబుచ్చు నాపదను, ఫలమేమియు లేని యాపదను అధికవిశ్వాసముతో గ్రహింపవచ్చును. జీనుకు కట్టుకొనిన తలపాగ రెండవ తెగకు చెందినది.

ఈ భేదము చీనాయాత్రికుడు హ్యుయన్ త్సాంగు విషయమున మఱింత స్పష్టముగ తెలియును. అతడు పెక్కేండ్లు పడమటి దేశములను భారతదేశమును జూచి 645లో స్వదేశమునకు మరలెను. మఱుసటి సంవత్సరము చక్రవర్తికి సమర్పించిన గ్రంథమున రాజ్యముల వైశాల్యము, నేలసారము, శీతోష్ణములు, జనుల స్వభావము, విహారముల సంఖ్య క్రమముగ నున్నవి. మన ఆంధ్రదేశమును ధాన్యకటకమును గూర్చి అతడు చెప్పినదియు ఈ తీరుననే యున్నది. చరిత్రకారునకు ఇది పెన్నిధి. కాని వ్రాసినవాడెవడో యందు కానరాడు. ఎడారిలో నీటితిత్తి చేజారి నీరెల్ల ఒలికిపోగా కొంతదూరము వెనుకకు మరలి, మరల ప్రతిజ్ఞ జ్ఞప్తికి వచ్చి పడమటికే సాగిన వృత్తాంతము అందు లేదు. తిరుగుప్రయాణమున సింధునదిని దాటునప్పుడు పడవ యూగి, ఏబది గ్రంథములును అపురూపమైన పూలవిత్తులును నీటిపాలయిన సంగతియు లేదు. ఇవి శిష్యుడు హుయిలీ వ్రాసిన జీవితచరిత్రలో నున్నవి.

శిష్యుడు చెప్పుటచే ఒక మేలు, ఒక కీడు కలిగినవి. గురువు దాచినది మనకు దక్కుట మేలు. ఇక్కట్టు తఱచుగ మహిమకు మెట్టుగ మారిపోవుట కీడు. దప్పికకు వెంటనే దైవానుగ్రహము, దొంగలకు వెంటనే పెనుగాలి సిద్ధముగ నుండును. సింధునదిలోని పూలవిత్తులకు మాత్రము ఏ మహిమయు తోడుపడలేదు. అవి పోయినవి, అంతే. పోయిన గ్రంథములను మరల వ్రాయించి తెప్పించుకొనుటకు గురువు ఆగవలసివచ్చెను. ఆ జీవితచరిత్రలో మనకు మిక్కిలి సన్నిహితముగ తోచునది ఈ ఘట్టమే.

ఇక్కట్లు చెప్పని యాత్రికుని సంగతి యేమి? వెనిసు వర్తకుడు మార్కోపోలో 1271లో బయలుదేరి 1295లో ఇల్లు చేరి, 1298లో జెనోవా చెరసాలయందు రుస్తికెల్లో యను కథకునిచేత తన యనుభవములను వ్రాయించెను. అందు మోటుపల్లి ‘ముత్‌ఫిలి’ యను పేర నున్నది. వజ్రములు, సాలెగూటివంటి సన్నని వస్త్రములు, న్యాయముగ పాలించు రాణి అందు వర్ణితములు. ఆ రాణి రుద్రమదేవియే యని చరిత్రకారుల నిర్ణయము. కాని పోలో ఆమెను గతించిన రాజునకు భార్యగ జెప్పెను. ఆమె గణపతిదేవుని పుత్రిక యని మనము శాసనములవలన ఎఱుగుదుము. ఈ పొరపాటు పెద్దది కాదు. వినికిడి మాటలలో ఇట్టివి సహజములు. అయితే మోటుపల్లిలో పోలోకు జరిగినదేమియు మనకు తెలియదు. అచట దిగెనా, దూరమునుండి వినెనా? దాహముగొనెనా, బేరమున మోసపోయెనా? ఒక్క చిన్న యిక్కట్టు చెప్పియుండినచో ఈ సందేహము చాలవఱకు తీరియుండెడిది.

అదే మోటుపల్లిలో పోలోకు పూర్వమే ఇక్కట్లను గూర్చిన గొప్పపలుకొకటి ఱాతిపై నిలిచియున్నది. అది 1244 నాటి గణపతిదేవుని అభయశాసనము. తుపానుచేత పగిలి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడల సరకును పూర్వరాజులు సర్వమును హరించుచుండిరనియు, తాను దయచేత న్యాయమైన సుంకము దప్ప మఱేమియు గ్రహింపననియు అందు ప్రభువు వర్తకులకు మాట యిచ్చెను. ఏయేటి కాయేడు ఎందఱు నావికులు ఆ తీరమున సర్వస్వమును గోల్పోయిరో, వారి కథలను వ్రాసినవారు లేరు. వ్రాయబడని ఆ ఇక్కట్లకు ఈ శాసనమే సాక్ష్యము.

ఇక మన వాఙ్మయమునకు వత్తము. చెన్నపట్టణము సుప్రీముకోర్టున ప్రధాన దుబాసీగ నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. ఇంచుమించు నూఱుమంది పరివారము వెంటనుండెను. దారిలో వ్రాసిన విషయములను మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు పంపుచుండగా, ఆ మిత్రుడే 1838లో, గ్రంథకర్త గతించిన పిదప, కాశీయాత్రచరిత్రమును ప్రకటించెను. దిగవల్లి వేంకటశివరావుగారు దానిని 1941లో పరిష్కరించి మరల వెలువరించి తెలుగువారికి మహోపకారము చేసిరి.

ఈ గ్రంథమును చరిత్రాధారముగ, వ్యావహారికగద్యమునకు మచ్చుతునుకగ మనవారు చక్కగ నుపయోగించుకొనుచున్నారు. సాహిత్యముగ చదువుట మాత్రము అరుదు. ప్రతి మజిలీలోను నీరు మంచిదా, నీడ కలదా, అంగళ్ళలో కావలసిన వస్తువులు దొరకునా, బాట సుకరమా యను లెక్కలే యున్నవని కొందఱు విసుగుకొందురు. మా దృష్టిలో ఆ లెక్కలే అతని ఇష్టానిష్టముల పట్టిక. నూఱుమందికి ప్రతిదినమును అన్నము నీళ్ళు సమకూర్చవలసిన గృహస్థుని మెప్పు శిఖరములపై గాక నూతులపై నిలుచుట న్యాయమే. ఇబన్ బతూతా, మార్కోపోలోలు ఏండ్ల తరువాత తలచుకొని చెప్పినవారు. వీరాస్వామయ్య ముందుమజిలీ ఎట్లుండునో తెలియనివాడై వ్రాసెను. జ్ఞాపకము దాటిన నదుల నన్నింటిని సుఖముగ దాటినట్లే చూపును. దినచర్యలో నది ఇంకను ఎదుటనే యున్నది. తెలుగుగద్యమున ఇట్టి స్థితిని నిలిపిన తొలిగ్రంథములలో నిది యొకటి యగుట చిన్నవిషయము కాదు.

ఇంత మెచ్చినను ఒక లోపమును చెప్పక తీరదు. అది వీరాస్వామయ్య యొక్కనిది కాదు. యాత్రికుడు తన యిక్కట్లను చెప్పుకొనును గాని తన్ను మోసినవారి యిక్కట్లను చెప్పుట తక్కువ. పల్లకిలో గూర్చున్నవానికి తెలిసిన బాట వేఱు, పల్లకిని మోసిన బోయీ పాదములకు తెలిసిన బాట వేఱు. రెండవదానిని వ్రాసిన కలము మనకు దొరకలేదు. కళ్ళికోటలో ఓడ తరలిపోయిన సంగతిని ఇబన్ బతూతా విపులముగ చెప్పెను. ఆ యోడలో గర్భవతియైన బానిసస్త్రీ యొకతె కలదు. ఆమెకై తాను మిక్కిలి వగచితినని చెప్పెను గాని ఆమె మరణమును తెలిపినది ఒక్క వాక్యము మాత్రమే. ఆమె పేరైన మనకు మిగులలేదు. తలపాగను జ్ఞప్తియందుంచుకొనిన స్మృతి ఆమెను గూర్చి ఇంత క్లుప్తమగుట విమర్శకుడు గమనింపవలసిన విషయము. ఇక్కట్టు ప్రామాణ్యమునకు గుఱుతని యంటిమి. ఎవరి యిక్కట్టు చెప్పబడినది, ఎవరిది విడువబడినది యనునది గ్రంథకర్త మనస్సునకు గుఱుతు.

వీరాస్వామయ్య బయలుదేరిన 26 ఏండ్లకు, 1856లో, చెన్నపట్టణమున రాయపురమునుండి రైలు కదలెను. పిమ్మట పొగయోడలు, విమానములు వచ్చినవి. నేడు తెలుగువారు భూమండలమంతయు తిరుగుచు యాత్రాగ్రంథములను విరివిగ వ్రాయుచున్నారు. చేతిలోని ఫోను అడుగడుగునకు ఛాయాచిత్రమును తీయుచుండగా స్థలవర్ణనయొక్క పూర్వపు ప్రయోజనము చాలవఱకు తీరిపోయినది. అయినను పెక్కు గ్రంథములు స్థలపురాణమును, కొలతలను, అందఱు మెచ్చిన కట్టడముల మెప్పును నింపుకొని, పెట్టె పోయిన రాత్రిని, భాష తెలియని యూరిలో అన్నముపెట్టిన యిల్లాలిని ఒక్క పంక్తిలో దాటిపోవుచున్నవి. ఇబన్ జుబైరు పుటలను ఎత్తివ్రాసిన దోషమునకు ఇది నేటి రూపము.

కావున యాత్రాచరిత్రలపై పరిశోధన చేయు మన విద్యార్థులు స్థలముల పట్టికతోపాటు మఱి మూడు పట్టికలను గూర్చుకొనుట మేలు. గ్రంథకర్త స్వయముగ ఇష్టపడినవి, గ్రంథకర్త పడిన యిక్కట్లు, అతని వెంటనున్నవారు పడిన యిక్కట్లు. మూడవ పట్టిక తఱచుగ ఖాళీగ నుండును. ఖాళీగ నున్నదని వ్రాయుటయు పరిశోధనమే. కాశీయాత్రచరిత్రమును మొదట ఈ విధముగ చదివినచో, నూఱుమంది నడచిన బాటపై మనకింతవఱకు వినబడిన కంఠస్వర మొక్కటియే యని తెలియవచ్చును. తక్కినవారి పేర్లు దొరకకపోవచ్చును గాని, వారు నడచిరనుట మఱువదగినది కాదు.