రేగుపండ్ల ఊరికి ఇద్దరం

శనివారం రాత్రి పదింటికి ఫోన్ మోగిందంటే అది మా వరంగల్ అమ్మాయే. "పొద్దున ఏడున్నర బండి. పులిహోర నువ్వు చెయ్యి, చల్ల మిరపకాయలు నేను తెస్త" అంటుంది. ఏ ఊరికో నేను అడగను. స్టేషన్లో టికెట్ చేతికిచ్చాకే తెలుస్తుంది. మూడేళ్ళుగా ఇదే వరస. నెలకో ఆదివారం, ఇటలీలో ఒక చిన్న ఊరు. వెనిస్, ఫ్లోరెన్స్ చుట్టాలొచ్చినప్పుడు చూపించే ఊళ్ళు. మేం పోయేవి ఆదివారం బస్సు కూడా దొరకని ఊళ్ళు.

ఈ వారం ఆ నడక గురించి రాస్తున్నాను. మా అద్దంకి వైపు పిల్లలు ఈమధ్య ఇటలీలో సీటు వచ్చిందని ఫోన్ చేస్తున్నారు. "అక్కా, అక్కడ కుదురుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడుగుతున్నారు. వాళ్ళకి నేను చెప్పగలిగింది ఇదే.

నేను దిగింది పాదొవాలో. మన పుస్తకాల్లో పాడువా అని రాస్తారు. 1222లో పుట్టిన విశ్వవిద్యాలయం, గెలీలియో 18 ఏళ్ళు పాఠాలు చెప్పిన చోటు. ఊరికి పక్కనే లెన్యారోలో వ్యవసాయ క్యాంపస్, నా చదువు అక్కడ. మిరప, పత్తి పండించే ఇంటి నుంచి వచ్చినదానికి అంతకన్నా ఏం కావాలి? కానీ వచ్చింది నవంబరు. పో నది మైదానంలో ఆ నెల పొగమంచు దిగితే ఎదుటి మేడ కూడా కనపడదు. మధ్యాహ్నం నాలుగున్నరకే చీకటి. ఎండకి పుట్టి ఎండలో పెరిగిన ఒళ్ళు. పొద్దున లేస్తే ఎందుకు లేచానో అర్థమయ్యేది కాదు.

దేశంలో అడుగుపెట్టిన ఎనిమిది పనిదినాల్లో నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. దాని కాగితాల సంచి పోస్టాఫీసులో ఇస్తారు, నింపి అక్కడే ఇవ్వాలి. 16 యూరోల స్టాంపు అతికించాలి. ఆ స్టాంపు అమ్మేది పొగాకు కొట్లో. గుమ్మం మీద పెద్ద 'టి' అక్షరం ఉంటుంది. ఉప్పు, పొగాకు ప్రభుత్వమే అమ్మిన రోజుల నుంచి వచ్చిన అలవాటు అది, ఇప్పటికీ బస్సు టికెట్లూ స్టాంపులూ అక్కడే దొరుకుతాయి. మా ఊరి చుట్టూ పొగాకు బ్యారన్లే. ఆ వాసన ముక్కుకి తగలగానే గుమ్మంలోనే నిలబడిపోయాను. కళ్ళు తుడుచుకుంటుంటే వెనక నుంచి ఒక గొంతు, ఫోన్లో: "తిన్ననే అమ్మా. అన్నమే తిన్న."

తిరిగి చూశాను. ఆమె చేతిలోనూ అదే సంచి.

స్నేహం అట్లా మొదలైంది. నడక మాత్రం రెండు నెలల తర్వాత. గదిలో కూర్చుంటే ఇద్దరం ఇంటి గురించే మాట్లాడుకుంటున్నామనీ, ఎంత మాట్లాడితే అంత దిగులు పెరుగుతోందనీ ఆమే కనిపెట్టింది. "నడువు, ఎటన్న పోదాం" అంది. ప్యాసింజరు బండెక్కి మొదట కనపడిన కోట గోడ దగ్గర దిగాం. మొంతాన్యానా అనే ఊరు. రెండు కిలోమీటర్ల చుట్టు ప్రహరీ, 24 బురుజులు, లోపల ఓ బజారు. గోడ వెంబడి ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఆకలేసింది. ఇటలీకి వచ్చాక నాకు నిజంగా ఆకలి వేయడం అదే మొదలు.

అప్పటి నుంచి నడక ఒక పద్ధతికి వచ్చింది. ఊళ్ళోకి వెళ్ళాక గంట గోపురం కనపడేదాకా ఫోన్ తియ్యం. ముందు గుడికి కాదు, సంతకి పోతాం. ఏం పండుతోందో, ఏం ధర ఉందో చూస్తే ఊరు సగం తెలిసినట్టే. ఒంటిగంట నుంచి నాలుగు దాకా కొట్లన్నీ మూసేస్తారు. మొదట్లో విసుగు పడేదాన్ని. తర్వాత తెలిసింది, ఆ మూడు గంటలే ఊరు తన ఇంట్లో తానుండే సమయమని. గిన్నెల చప్పుడు, ఎవరో పిల్లాణ్ణి కేకేయడం, కిటికీలోంచి వేగుతున్న ఉల్లిపాయ వాసన. అద్దంకిలో వేసవి మధ్యాహ్నం ఇంతే కదా. ఇక ఆఖరిది, పద్దు పుస్తకం. మన షావుకార్లు రాసుకునే పొడుగాటిది, మా నాన్న కొనిచ్చాడు. తిరుగు బండిలో ఊరికో పేజీ. ఎడమ పక్క ఆమె, కుడి పక్క నేను. ఒకరు రాసింది ఒకరు చూడకుండా రాసి అప్పుడు చదువుకుంటాం. ఒకే ఊరు, ఒకే రోజు, ఒకే వీధులు. అయినా రెండు పేజీలు ఎప్పుడూ ఒకలా ఉండవు. ఆమెకి నీళ్ళు కనపడతాయి: కుళాయిలు, కాలువలు, తూములు. కాకతీయుల చెరువుల గడ్డ మీద పుట్టిన పిల్ల. నాకు తూకాలు కనపడతాయి.

అందుకే కాబోలు, పాదొవా నడిబొడ్డున రెండేళ్ళు రోజూ దాటిపోయిన రాయిని ఒకనాడు ఆమె పక్కనుండగా చూశాను. పలాత్సో దెల్లా రజోనే అని పాత న్యాయసభ ఉంది, మధ్యయుగాల నాటిది. కింద ఇప్పటికీ సంత. ఒక పక్క కూరల బజారు, మరో పక్క పండ్ల బజారు. రెండింటినీ కలిపే కమాను కింద గోడలో కొలతలు చెక్కి ఉన్నాయి. ధాన్యానికి ఇంత, పిండికి ఇంత, ఇటుక ఇంత పొడుగు, గుడ్డకి మూర ఇంత. వ్యాపారి మాట మీద నమ్మకం లేనివాడు సరుకు తెచ్చి ఆ రాతి మీద కొలుచుకోవచ్చు. ఆ మూలకి అబద్ధాల మూల అని పేరు.

వరంగల్ అమ్మాయి చెయ్యి చాచి గుడ్డ కొలత మీద పెట్టింది. "మన మూర కన్న పొడుగున్నదే" అంది. నేను ధాన్యం కొలత అంచు మీద వేలు పెట్టాను. రాయి అక్కడ అరిగి నున్నగా ఉంది. నాకు తొమ్మిదేళ్ళప్పటి సంగతి గుర్తొచ్చింది. నాన్నతో కలిసి మిరపకాయలు అమ్మడానికి మార్కెట్టుకి వెళ్ళాను. ఎండలో ఆరబెట్టి, తాలు కాయలు ఏరి, టిక్కీలు కట్టి, రాత్రంతా లారీ మీద కూర్చుని తెచ్చిన సరుకు. ఇంటి దగ్గర తూచిన దానికీ అక్కడి కాటా చూపించిన దానికీ టిక్కీకి రెండేసి కిలోల తేడా. పైన మళ్ళీ తరుగు. నాన్న కాటా వంక చూశాడు, కాటా దగ్గర మనిషి వంక చూశాడు, ఏమీ అనలేదు. తిరుగు బస్సులో నాకు సోడా కొనిచ్చాడు. ఆ రోజు ఆయన వేలు పెట్టి చూపించడానికి అక్కడ ఏ రాయీ లేదు. పద్దు పుస్తకంలో నా పేజీ ఆ సాయంత్రం నిండిపోయింది. ఆమె చదివి పుస్తకం మూసి చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

ఇప్పుడు రేగుపండ్ల ఊరి సంగతి.

కిందటేడు అక్టోబరు. మొన్సెలిచేలో బండి దిగాం. అక్కణ్ణించి ఆర్క్వా పెత్రార్కాకి ఆరేడు కిలోమీటర్లు, నడకే. చదును నేలలో ఉన్నట్టుండి మొనదేలిన కొండలు లేస్తాయి, ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతాలవి. మా సింగరకొండ కూడా అంతే, చేల మధ్య నుంచి లేస్తుంది. ద్రాక్ష తోటలు దాటి, ఆలివ్ చెట్లు దాటి ఊళ్ళోకి ఎక్కాం. రాతి ఇళ్ళు, రెండు చిన్న కూడళ్ళు, అంతే ఊరు. మొదటి ఇంటి ముందు చెట్టు చూసి ఇద్దరం ఒకేసారి ఆగాం.

"రేగు చెట్టే!"

మెరిసే చిన్న ఆకులు, కొమ్మ నిండా ఎర్రగోధుమ రంగు కాయలు. మన రేగుకి దగ్గరి చుట్టం, ఇక్కడ జుజ్జోలా అంటారు. ఈ ఊరు ఆ పండుకే పేరు. అక్టోబరులో పండగ కూడా చేస్తారు. చెట్టు కింద బల్ల వేసుకుని ఓ పెద్దావిడ కాగితం పొట్లాల్లో అమ్ముతోంది. కొరికితే దోరగా ఉన్నది ఆపిల్‌లా కరకరమంది. ముడతలు పడ్డది ఖర్జూరంలా మెత్తగా, తియ్యగా ఉంది. మన గంగరేగులోని పులుపు లేదు. గింజ సన్నగా, రెండు కొసలా మొనదేలి ఉంది. సంతోషం పట్టలేని మనిషిని ఇటలీవాళ్ళు రేగుపండ్ల రసంలో తేలుతున్నాడంటారు. మా ఊళ్ళో భోగినాడు చిన్నపిల్లల నెత్తిన ఇవే పోస్తామని వచ్చీరాని ఇటాలియన్‌లో చెప్పాను. ఆవిడకి ఎంత అర్థమైందో గానీ లేచి వచ్చి గుప్పెడు పండ్లు మా ఇద్దరి తలల మీదా పోసింది. రోడ్డు మీద దొర్లుతున్న పండ్లని ముగ్గురం వంగి ఏరుకున్నాం.

ఊరి పేరులో రెండో మాట కవిది. ఫ్రాన్చెస్కో పెత్రార్కా, 1341లో రోమ్‌లో లారెల్ ఆకుల కిరీటం పెట్టించుకున్న మహాకవి. పాదొవా ప్రభువు భూమి ఇస్తే ముసలితనంలో ఇక్కడ ఇల్లు బాగు చేయించుకుని చివరి ఏళ్ళు గడిపాడు. 1374 జులైలో, 70 నిండడానికి ఒక్క రోజు ముందు పోయాడు. ఇల్లు ఉంది. చర్చి ముందు ఎర్ర పాలరాతి సమాధి ఉంది, అల్లుడు కట్టించాడు. వందల ఏళ్ళ తర్వాత ఊరివాళ్ళు తమ ఊరికి ఆయన పేరు తగిలించుకున్నారు. పెత్రార్కా కిటికీలోంచి ద్రాక్ష తోటల వైపు చూస్తుంటే వరంగల్ అమ్మాయి అడిగింది: "ఈయన ఉన్నప్పుడు మీ దిక్కు ఎవరున్నరు?"

నేను తేదీలు కూడుకున్నాను. 1325లో ప్రోలయ వేమారెడ్డి రాజ్యం పెట్టింది అద్దంకి రాజధానిగానే. ఆయన కొలువులో ఎర్రన. నన్నయ ఆపిన అరణ్యపర్వాన్ని పూర్తి చేసినవాడు, హరివంశాన్ని వేమారెడ్డికి అంకితమిచ్చినవాడు. అంటే ఇక్కడ పెత్రార్కాకి కిరీటం పెడుతున్న కాలంలోనే మా గుండ్లకమ్మ ఒడ్డున ఎర్రన ఉన్నాడు. అంతకు ఇంకా అయిదొందల ఏళ్ళ ముందు, 848 నాటి పండరంగని శాసనం మా ఊళ్ళోనే దొరికింది. తరువోజలో చెక్కిన తెలుగు పద్యం. భాషా తరగతిలో మా టీచరు, తేదీ తెలిసిన పాత ఇటాలియన్ వాక్యం 960 నాటిదని చెప్పింది, కాపువాలో ఒక భూమి తగాదాలో సాక్షి చెప్పిన మాట. పండరంగని శాసనమూ చివరికి భూదానం దగ్గరికే వస్తుంది. రెండు భాషల ఆ పాత మాటలూ నేల దగ్గరికే వచ్చాయనుకుంటే, రైతు ఇంటి పిల్లగా నాకు ఒళ్ళు పులకరించింది.

ఇదంతా చెప్తుంటే ఆమె కళ్ళింత చేసుకుని వింది. "మరి ఎర్రన ఇల్లేది? చూపిస్తవా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇరవై రెండేళ్ళు ఉన్న ఊళ్ళో బడికి ఒక దారి, బస్టాండుకి ఒక దారి, చేనుకి ఒక దారి తప్ప నేను నడవలేదు.

మొన్న సంక్రాంతికి ఆమెని మా ఇంటికి తీసుకొచ్చాను. నాయనమ్మ అరుగు మీద కూర్చోబెట్టి రేగొడియాలు పెట్టింది. బెల్లం, కారం వేసి దంచి ఎండబెట్టినవి. ఆ ఇటలీ పండు సంగతి విని "పులుపు లేకపోతే అదేం రేగమ్మాయ్" అని తీర్పు చెప్పి, లోపలికెళ్ళి డబ్బా నిండా తెచ్చింది. కొలిచింది ఇత్తడి సోలతో. వరంగల్ అమ్మాయి ఆ సోలని అటూ ఇటూ తిప్పి చూసింది. "నానమ్మా, దీనికి పైకొలతలు?" అంటే నాయనమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. ఆ గిన్నెలన్నీ అటక మీద ఉన్నాయట. నాకు ఆ సంగతే తెలియదు. దింపించి వరసగా అరుగు మీద పెడితే, పాదొవా గోడలో చెక్కినవి మా ఇంట్లో నిలబడ్డట్టుంది.

మర్నాడు తెల్లారకముందే ఇద్దరం బయల్దేరాం. ఫోన్లు ఇంట్లోనే పెట్టేశాం. ముందు సంత, పద్ధతి ప్రకారం. తర్వాత గుడి, అక్కణ్ణించి పాత వీధుల వెంట గుండ్లకమ్మ వైపు. పొలాల్లో కల్లాల మీద తొలికోత మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, ఘాటుకి ఆమె రెండుసార్లు తుమ్మింది. టీ బంకు దగ్గర కూర్చుని పద్దు పుస్తకం తీశాం. ఆమె ఎడమ పక్క గబగబా రాసేస్తోంది. నేను కుడి పక్క 'అద్దంకి' అని రాసి, తేదీ వేసి ఆగిపోయాను. ముప్పై పైచిలుకు ఊళ్ళకి రాసిన చెయ్యి సొంత ఊరికి కదల్లేదు. బాధగానే ఉంది.

పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయన మమ్మల్ని చూస్తున్నాడు. ఇటలీలో ఎవరినో ఒకరిని అడిగేదాన్ని కదా, ఇక్కడెందుకు అడగకూడదు అనిపించింది.

"తాతా, రెడ్డిరాజుల కోట ఎటువైపు ఉండేదంటారు?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "యాడోళ్ళమ్మా మీరు?" అన్నాడు.

"ఈ ఊరేనండీ."

నా మొహం కాసేపు చూసి, కండువా భుజాన సర్దుకుని లేచాడు. "పాండి, నడుస్తా చెప్తా" అని ముందు నడిచాడు. మేం పుస్తకం మూసి వెనకే వెళ్ళాం.