స్తంభాలు అమ్ముకునే ముందు

మొరాకో వెళ్ళొచ్చినవాళ్ళెవరైనా రియాద్‌ల గురించి చెప్పకుండా ఉండలేరు. ఉంటర్‌ఫ్యోరింగ్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో ఈ పురాణం తరచూ నడుస్తుంది. ఇక్కడ ఎస్8 రైలెక్కితే నేరుగా మ్యూనిక్ విమానాశ్రయం, అక్కణ్ణుంచి మరాకేష్ సుమారు నాలుగు గంటలు. అక్కడి రియాద్ వీధిలోంచి చూస్తే బోడిగోడ, ఓ చిన్న తలుపు. లోపల అడుగు పెడితే నడుమ ఆకాశం కనబడే వాకిలి, నారింజ చెట్లు, నీళ్ళతొట్టి, చుట్టూ గదులు. అక్కడే బస, అక్కడే భోజనం. నేనూ బస చేశాను, నోరారా మెచ్చుకున్నాను. కాని పక్కనున్నవాళ్ళు రియాద్ అనగానే నా నోట వచ్చేది ఒక్కటే: మా కోనసీమ మండువా లోగిలి చూశారా?

నాది పక్షపాతమే. కృష్ణా జిల్లా మిత్రులు కోప్పడ్డా సరే, మండువా అంటే గోదావరి డెల్టాదే.

దాని పనితనం తెలియాలంటే వానాకాలంలో చూడాలి. నాలుగు వైపుల కప్పూ లోపలికే వాలి ఉంటుంది. నాలుగు చూర్ల నుంచీ నీళ్ళు ధారగట్టి నడిమి గుంటలో పడి, తూములోంచి పెరటి కొబ్బరిచెట్లకు పోతాయి. చుట్టూ వసారాలో పీట వేసుక్కూర్చున్నవాడి మీద చినుకు పడదు. రెండు వాలులు కలిసే మూలల్లోనే ఉంది వడ్రంగి చేతి మహిమ. అక్కడ వాసాల కోత వేలెడు తేడా వచ్చినా, ఒక్క పెంకు వంకర పడినా, ఇల్లంతా కారుతుంది. నాలుగు తరాలు కారని మూలలు నేనెరుగుదును. కట్టిన మేస్త్రీల పేర్లు మాత్రం ఏ గోడ మీదా లేవు.

టేకు భద్రాచలం అడవుల నుంచి గోదావరి మీద తెప్పలుగా వచ్చిందంటారు కొందరు, రంగూను నుంచి ఓడలో వచ్చిందంటారు ఇంకొందరు. ఏదైతేనేం, స్తంభం మీద చెయ్యి వేస్తే ఇప్పటికీ చల్లగా తగులుతుంది. గచ్చు సంగతీ అంతే. గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కలిపారని పెద్దల మాట. తడి ఆరకముందే నున్నటి రాయితో గంటల తరబడి రుద్దేవారు. మరాకేష్‌లో తదెలక్త్ అని పర్యాటకులు ఫొటోలు తీసుకునే గోడలదీ ఇదే విద్య: సున్నం, నున్నటి రాయి, పైన ఆలివ్ నూనెతో చేసిన నల్లసబ్బు.

వంటలోనూ ఈ చుట్టరికం ఉంది. మొరాకోలో తడిపిండి ముద్దను వేడి పళ్ళెం మీద అద్దుతూ కాగితమంత పల్చని వర్కా రేకులు తీస్తారు. వాటిలో పావురం మాంసం, బాదం, దాల్చినచెక్క చుట్టి పస్తీలా కాలుస్తారు. చూడ్డానికి గొప్ప విద్యే. మన ఆత్రేయపురంలో బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట వేసి, బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేస్తుంది. వర్కా మళ్ళీ కాలితేగాని తినేందుకు పనికిరాదు. మన రేకుకు కాస్త నెయ్యి, చక్కెర చాలు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు దక్కింది, ఆలస్యంగానైనా.

పనసపొట్టు కూరలో ఆవ పెట్టడం చూడండి. ఆవాలు, ఎండుమిర్చి, ఉప్పు కాసిని నీళ్ళతో రోట్లో నూరతారు. కూర దించి, ఆవిరి తగ్గాక కలుపుతారు. పొయ్యి మీదే కలిపితే చేదు తప్పదు. మరీ చల్లారాక కలిపితే ఘాటు పట్టదు. ఆ అదను గడియారం చెప్పదు, గిన్నె అంచు మీద వెనక చెయ్యి ఆనించి చూసుకునే ఇల్లాలికే తెలుస్తుంది.

ఇక వడ్డన. ఆకు కొస ఎడమవైపు, పప్పు మీద నెయ్యి, గరిటె ఆకుకు తగలకూడదు. ఇవి ఎవరైనా నేర్చుకోవచ్చు. ఎవరి ఆకులో పచ్చడి అయిపోయిందో, ఎవరు మొహమాటపడుతున్నారో చూపుతోనే పట్టి మారు వడ్డించడం వేరే విద్య. కాకినాడ సుబ్బయ్యగారి హోటలుకు పేరొచ్చింది ఐటాల లెక్కవల్లే అనుకుంటే పొరపాటు, వద్దన్నా వదలని ఆ మర్యాదవల్ల.

ఈ విద్యకు మహారాణి డొక్కా సీతమ్మగారు (1841–1909). లంకల గన్నవరంలో ఆమె ఇంటి పొయ్యి వేళాపాళా లేకుండా వెలిగేది. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరిన ఆమె, దారిలో ఆకలితో ఉన్న పెళ్ళివారు తన ఇంటికే వస్తున్నారని విని పల్లకీ వెనక్కి తిప్పించారని కోనసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. సత్రాలు చాలావరకు కులం చూసి అన్నం పెట్టిన రోజులవి. ఆమె ఆకలి మాత్రమే చూశారు. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టారు, సంతోషం.

డబ్బు తీసుకుని పెట్టే పూటకూళ్ళ ఇళ్ళూ కొత్తవి కావు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూటింట రూకకు దొరికే భోజనం జాబితా చదివితే ఇవాళ్టికీ నోరూరుతుంది. ఆ వృత్తి మీద బతికిన వితంతువులను లోకం చులకన చేసింది. కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మకు పేరైనా లేదు. బాటసారుల కడుపు నింపింది మాత్రం వాళ్ళే.

ఇప్పుడేం జరుగుతోంది? మండువాలు కూలుతున్నాయి. టేకు స్తంభాలు, చెక్కిన గుమ్మాలు విడివిడిగా లారీలెక్కి నగరాల్లో రెస్టారెంట్ల అలంకారాలవుతున్నాయి. ఆ డబ్బుతో సిమెంటు మేడ లేస్తుంది. ఇంకోపక్క ఊరి చివర రిసార్టుల్లో "మండువా థీమ్" అట! కాంక్రీటు స్తంభాలకు టేకు రంగు, వాన పడకుండా పైన గాజు కప్పు, ప్లాస్టిక్ అరిటాకు, పట్టకారుతో మనమే తీసుకోవాల్సిన బఫే. వాన పడని మండువా ఏం మండువా? మిక్సీలో తిప్పిన ఆవముద్దను ఉడుకుతున్న కూరలో కుమ్మరించి "కోనసీమ స్పెషల్" అని బోర్డు పెట్టేవాణ్ణి ఏమనాలి?

మొరాకో 2002లోనే చట్టం చేసి అతిథి గృహాలను ప్రత్యేక వర్గంగా గుర్తించింది. విదేశీయులు పాత ఇళ్ళు ఎగబడి కొన్నారన్న ఫిర్యాదు అక్కడా ఉంది, అది నిజమే. అయినా సున్నం పనివాడికి, 'దాదా' అని పిలిచే వంటగత్తెలకు పని దొరికింది. నేనుంటున్న బవేరియాలో పాత గాస్ట్‌హోఫ్‌ల సంగతి చూడండి: కింద భోజనం, పైన గదులు, చాలాచోట్ల వంటా నిర్వహణా ఆ కుటుంబానివే. ఎన్నేళ్ళ పాతదైతే అంత గర్వంగా గోడ మీద సంవత్సరం రాసుకుంటారు. పూటకూళ్ళని మనలా చిన్నచూపు చూడరు.

కోనసీమలో తాతల మండువా ఉన్నవాళ్ళకు నా విన్నపం: స్తంభాలకు బేరం కుదుర్చుకునే ముందు రెండు గదులు శుభ్రం చేయించి, ఒక బంతికి సరిపడా వంట మొదలెట్టి చూడండి. పర్యాటక శాఖవారు గాజు కప్పు రిసార్టుకూ అసలు మండువాకూ ఒకే ముద్ర వేయకుండా వేరే వర్గం పెట్టాలి. మనం, సంక్రాంతికి ఊరెళ్ళే ప్రవాసులం, ఏసీ హోటలు బుక్ చేసే ముందు అలాంటి ఇల్లొకటి వాకబు చేసి, అడిగిన డబ్బు బేరమాడకుండా ఇచ్చి, ఆకు ముందు కూర్చోవాలి.