కాలిన మోటారు చెప్పే సాక్ష్యం

ఇండక్షన్ మోటారులో లోపం పట్టడం చేతికీ, చెవికీ, ముక్కుకీ పని చెప్పే విద్య. బోరు కింద సేద్యం సాగే తెలుగు పల్లెలు ఈ విద్య తెలిసిన వైండింగ్ మెకానిక్‌కు ఎంతో రుణపడి ఉన్నాయి.

మెకానిక్ మొదట కరెంటు తీసి షాఫ్టును చేత్తో తిప్పుతాడు. అది బిగుసుకున్నా, పక్కలకు ఆడినా బేరింగుల మీదే అనుమానం. నడిచే మోటారు మోత కరెంటు తీసిన క్షణంలోనే ఆగిపోతే లోపం వైండింగ్‌దో సరఫరాదో. వేగంతోపాటు మెల్లగా తగ్గితే తిరిగే భాగాలది. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష ఎంతో విలువైనది.

తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో వైండింగ్‌కూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ కొలుస్తారు. 415 వోల్టుల మోటారుకు అది ఒక మెగోమ్‌ కంటే తగ్గితే నడపకూడదు. కారణం తడే అయితే ఆరబెట్టాక మళ్లీ పెరుగుతుంది.

అసలు నేర్పు మూత విప్పాక కనిపిస్తుంది. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజుల కాయిళ్లు మాడి, మూడోది కొత్తదానిలా మిగిలితే ఒక ఫేజు పోయిందని అర్థం. అదే డెల్టాలో ఒక్క ఫేజే మాడుతుంది. అన్నీ సమంగా నల్లబడితే అధిక భారమో, లో వోల్టేజో, పంపు పట్టేయడమో కారణం. ఒకచోటే రాగి కరిగి ముద్దకడితే చుట్ల మధ్య షార్టు. ఈ తేడా చదవకుండా కొత్త తీగ చుడితే అదీ కాలిపోతుంది. మంచి మెకానిక్ స్టార్టరునూ, ఫ్యూజులనూ చూశాకే మోటారు బిగిస్తాడు.

రోటరు కడ్డీ విరిగితే మాత్రం వైండింగ్‌లో ఏ గుర్తూ ఉండదు. లోడు మీద కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ ముల్లు నిలకడ లేకుండా ఊగడమే దాని ఆనవాలు.