ఎస్టర్‌హాజీ మహల్: 126 గదులు, ఒక సంగీతకారుల ఇల్లు

హంగేరీ దేశంలో, ఆస్ట్రియా సరిహద్దు దగ్గర, ఫెర్టోడ్ అనే ఊళ్ళో ఎస్టర్‌హాజీ ప్రభువుల మహల్ ఉంది. దాన్ని ‘హంగేరీ వెర్సాయ్’ అని పొగుడుతారు. వెర్సాయ్ అంటే ఫ్రాన్సు రాజుల మహల్. ఆ పొగడ్త సగం నిజమే చెబుతుందని నా అభిప్రాయం.

మొదట అక్కడ ఉన్నది 1720 ప్రాంతంలో మార్టినెల్లి అనే శిల్పి కట్టిన వేట బంగళా మాత్రమే. చుట్టూ చిత్తడి నేల. 1762లో నికలస్ ఎస్టర్‌హాజీ ప్రభువయ్యాక ఆ బంగళానే మధ్యలో ఉంచి, రెండు వైపులా పెంచుకుంటూ పోయాడు. 1768కి ఒపెరా హాలు, 1773కి బొమ్మలాట నాటకశాల వచ్చాయి. ఆ ఏడాదే మహారాణి మరియా థెరీసా కూడా వచ్చి చూసింది. మొత్తం 126 గదులు.

అందం విషయంలో వంక పెట్టలేం. ఇనుప గేటు దాటగానే భవనం గుర్రపు లాడంలా వంగి మనల్ని చుట్టుకుంటుంది. ముందున్న జంట మెట్లు రెండు వైపుల నుంచి పైకెక్కుతాయి. పెద్ద హాలు పైకప్పు మీద సూర్యదేవుడు అపోలో రథం ఉంది. ఏ మూల నిలబడి చూసినా అది మన వైపే వస్తున్నట్టు ఉంటుందట!

మరి ఆ హాళ్ళలో వాయించిన వాళ్ళు ఎక్కడ ఉండేవాళ్ళు? వాళ్ళకి వేరే ఇల్లు కట్టించారు. అందులో ఒక్కో గదిని ఇద్దరు ముగ్గురు పంచుకునేవారు. 1772లో ప్రభువు ఒక ఆజ్ఞ వేశాడు: హైడన్, ఇంకా కొద్దిమంది తప్ప ఎవరూ భార్యాపిల్లల్ని తీసుకురాకూడదు. 126 గదులున్న చోట చోటు లేదనడం ఎంత అన్యాయం!

కొలువులో సంగీత పెద్ద హైడన్ అదే ఏడాది ‘వీడ్కోలు’ సింఫనీ రాశాడు. దాని చివర్లో ఒక్కొక్కరూ వాయించడం ఆపి, కొవ్వొత్తి ఆర్పి వెళ్ళిపోతారు. ఆఖరికి రెండు వయొలిన్లే మిగులుతాయి. ప్రభువుకి విషయం అర్థమై, అందరినీ ఇళ్ళకి పంపాడని చెబుతారు.

1790లో నికలస్ చనిపోయాడు. కొడుకు వాద్యబృందంలో చాలామందిని తీసేశాడు, మహల్ బోసిపోయింది. ఆ ఒపెరా హాలు ఇప్పుడు లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న భవనాన్ని 1950ల చివరి నుంచి బాగుచేస్తూ వచ్చారు. సంగీతకారుల ఇల్లు మాత్రం ఇంకా నిలిచే ఉంది.

ఈ మహల్ గురించి రాసేవాళ్ళు 126 గదుల లెక్క తప్పకుండా చెబుతారు. నా దృష్టిలో ఆ చిన్న ఇంటి లెక్క కూడా పక్కనే రాయాలి. ఎందుకంటే ఎస్టర్‌హాజీ పేరు ఈనాటికీ లోకమంతా వినిపిస్తున్నది ఎక్కువగా ఆ ఇంట్లో సర్దుకున్న వాళ్ళ వల్లే. ఏ కోట గురించి చదివినా, రాజుగారి పడకగదితో పాటు పనివాళ్ళు ఎక్కడ పడుకున్నారో కూడా మనం అడగాలి.